కోపం లేని చేతి కుట్టు

గూడూరు దగ్గర కోట ఊళ్లో బస్సు దిగి పరుపుల సుభాని ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. కానీ ఆ ఇంటికి పేరు తెచ్చింది సుభాని కాదు, అతని భార్య రషీదా. పరుపుల్లో దూది నింపేవాళ్లు ఊరూరా ఉన్నారు. గూడూరులో పెద్ద పెద్ద దుకాణాలున్నాయి. అంత దూరం పోయే ఓపిక లేకపోతే ఫోన్ మీద వేలు పెడితే చాలు, చుట్టచుట్టిన పరుపు డబ్బాలో ఇంటికొచ్చి పడుతుంది. అయినా పెళ్లి పరుపు అనేసరికి చుట్టుపక్కల పల్లెలన్నీ రషీదా ఇంటి ముందు పంచకే వస్తాయి. కారణం ఒకటే. రషీదాకి కోపం రాదు.

పరుపుకీ కోపానికీ ఏమిటి సంబంధం అంటారేమో. ఆ నమ్మకం ఆ ఇంట్లో పుట్టి ఊళ్లోకి పాకింది. సుభాని తల్లి ఫర్జానా బతికున్నన్నాళ్లూ ఒక మాట చెప్పేది: "కోపంలో కుట్టిన పరుపు మీద మొగుడూ పెళ్లాం ఎడమొహం పెడమొహంగా పడుకుంటారు." దబ్బనం పట్టే ముందు తనకి ఎవరి మీదైనా కోపం ఉందేమో చూసుకునేది. ఉంటే ఆ దబ్బనాన్ని పంచలో మట్టిగోడకి గుచ్చేసి, ఆ రోజుకి పని మానేసేది. ఆవిడకి రోజుకొకరి మీద కోపం వచ్చేది కాబట్టి దబ్బనం గోడకే ఎక్కువగా ఉండేది. ఆ చిల్లులు ఇప్పటికీ ఉన్నాయి. కోడలొచ్చాక ఆవిడ ఆర్నెల్లు గమనించింది. మాట అని చూసింది, కూరలో ఉప్పు లేదని చూసింది, ఉప్పు ఎక్కువైందని కూడా చూసింది. చివరికి, "ఈ పిల్లకి ఆ నరమే లేదబ్బా" అని తేల్చి దబ్బనం చేతికిచ్చింది.

అది ఇరవై రెండేళ్ల కిందటి మాట. అప్పట్నించీ రషీదా రాజ్యమంతా ఆ పంచే. పొద్దున్నే ఎండ నేరుగా చాప మీదికి వస్తుంది. చేపల తట్టలతో వెళ్లే ఆడవాళ్లు ఆగి మంచినీళ్లడుగుతారు. గూడూరు బస్సు మలుపు తిరిగిన చప్పుడును బట్టి టైమెంతో తెలిసిపోతుంది. బూరుగు దూది నింపిన పరుపుని ముందేసుకొని, ఒక్కో ముడీ బిగించుకుంటూ, వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుకుంటూ కూర్చుంటే ఆమెకి ఇంకేమీ అక్కర్లేదు. ఏ ఇంట్లో తగాదా వచ్చినా ఆడవాళ్లు అక్కడికే వచ్చి చెప్పుకునేవారు. "నీలాగా ఓర్చుకోలేం తల్లీ" అనేవారు. రషీదా నవ్వి ముడి బిగించేది.

ఈ మధ్య ఆమెకి ఇంకో ముచ్చట పుట్టింది. కావలిలో డిగ్రీ చదువుతున్న కూతురు సాహిరా పరుపుల ఫోటోలు ఫోన్‌లో పెట్టడంతో చెన్నై నుంచీ బెంగళూరు నుంచీ మనుషులు ఫోన్ చేస్తున్నారు. వాళ్లకి తెలుగు రాదు, ఈమెకి ఇంగ్లీషు రాదు. అందుకని రెండు వీధుల అవతల ఎలిశబెతు టీచర్ ఇంటికి మధ్యాహ్నం మూడింటికి ఇంగ్లీషు నేర్చుకోవడానికి పోతోంది. హైస్కూల్లో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన టీచర్ ఇప్పుడు ఆరుగురు ఆడవాళ్లకి వసారాలో బోర్డు పెట్టి చెబుతోంది.

ఆవిడ పద్ధతి వేరు. రోజుకి ఒక్కటే మాట. దాని అర్థం చెప్పి, వాడే తీరు చెప్పి, తర్వాత అందరూ సొంత బతుకులోంచి తలా ఒక వాక్యం చెప్పాలి. కల్పించి చెబితే ఒప్పుకోదు.

"పుస్తకంలో వాక్యం అడిగి తెచ్చుకున్న చీర లాంటిది. సాయంత్రానికి తిరిగిచ్చేయాల. మీది మీరే నేసుకోండి" అనేది.

ఆ శనివారం బోర్డు మీద రాసిన మాట ఫ్యూరియస్.

"కోపానికి ఇంగ్లీషులో మెట్లుండాయి" అంది టీచర్. "చిరాకు ఒక మెట్టు. కోపం ఇంకో మెట్టు. ఇది పైమెట్టు. చెవులు వేడెక్కాల, గొంతు పూడుకుపోవాల. దీని ముందర వెరీ అని పెట్టబాకండి. నిండిన బిందెలో ఇంకా నీళ్లు పోస్తామా? ఇంకొకటి. ఎవురి మీద, దేని గురించి, ఈ రెండూ చెప్పాల. రెండూ తెలియకుండా అరిస్తే అది ఉత్త అరుపే."

అంగన్‌వాడీలో పనిచేసే పుష్పకుమారి అందరికంటే ముందు లేచింది. రోజూ పక్కింట్లోకి పోయి గుడ్డు పెట్టొస్తున్న తన కోడి మీద ఫ్యూరియస్‌గా ఉన్నానని చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. మిగతావాళ్లూ ఏదో ఒకటి చెప్పారు. రషీదా వంతు వచ్చింది.

"నాకు రాదు టీచర్."

"ఏంది రానిది, వాక్యమా?"

"కోపం."

"అది నిజమే టీచర్, రషీదక్కకి రాదు. మా చెల్లెలి పరుపు కూడా అక్కే కుట్టింది" అంది పుష్పకుమారి సాక్ష్యం పలుకుతున్నట్టు.

ఎలిశబెతు టీచర్ కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "దేవుడికే వచ్చిందమ్మా కోపం. బైబిల్లో ఎన్ని చోట్ల వచ్చిందో నేను లెక్కపెట్టడం మానుకున్నా. నీకు రాదా? సోమవారం తీసుకురా. అబద్ధం వాక్యం మాత్రం తేబాక."

ఆదివారం పొద్దున పంచలో కూర్చొని రషీదా నిజంగానే వెతుక్కుంది. ముందున్నది మాలకొండమ్మ రెండో కూతురి పరుపు. మాలకొండమ్మది సముద్రం వైపు పల్లె. రొయ్యల గుంటల మీద బతికే కుటుంబం. శుక్రవారం పెళ్లి, బుధవారానికి పరుపు కావాలి. పెద్దకూతురి పరుపూ రషీదానే కుట్టింది. "నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదు" అని మాలకొండమ్మ మరీ మరీ చెప్పి పోయింది. రషీదా ముడి మీద ముడి వేసుకుంటూ, ఎప్పుడైనా ఎవరి మీదైనా కోపం వచ్చిందా అని ఆలోచించింది. ఏదో తగులుతున్నట్టే ఉంటుంది గానీ చేతికి రాదు.

పదకొండింటి బస్సులో సుభాని గూడూరు నుంచి దిగాడు. చేతిలో సంచీనిండా నిమ్మకాయలు, మొహంనిండా సంతోషం. సుభాని బంగారం లాంటి మనిషి. భార్యని ఏనాడూ పరుషంగా ఒక మాట అన్నవాడు కాదు. ఉన్న జబ్బల్లా ఒకటే, అడిగినవాడికి లేదనడం చేతకాదు. ఇంట్లో నిచ్చెన, గొడుగు, సైకిలు పంపు అన్నీ ఊళ్లో ఎవరి ఇంట్లోనో ఉంటాయి. ఎవరింట్లో అన్నది మాత్రం అతనికి గుర్తుండదు.

"ముఖేష్ కనబడినాడు" అన్నాడు చాప మీద కూర్చుంటూ. ముఖేష్ గూడూరులో ఫోమ్ పరుపులమ్ముతాడు, చాలాకాలం నుంచి స్నేహితుడు. "కోటలో నాలుగు పరుపులు నిలబెట్టుకునేదానికి చోటు కావాలన్నాడు. మన పంచ రోడ్డు మీదే గదా, పెట్టుకో అన్నా. గురువారం సామాను దించుతాడు. నువ్వు ఎనక గదిలో కూర్చుందువులే. దూది పక్కనే ఉంటాది, నీకూ సులువు."

వెనక గదికి కిటికీ లేదు. పట్టపగలు కూడా బల్బు వేసుకోవాలి. అందులో దూది మూటలు తప్ప మాట్లాడేందుకు మనిషి ఉండడు.

"అట్నే" అంది రషీదా.

ఇరవై రెండేళ్లుగా అంటున్న మాటే కాబట్టి నోరు దానంతటదే అనేసింది. సుభాని తృప్తిగా లేచి నిమ్మకాయలు లోపల పెట్టడానికి వెళ్లాడు. రషీదా దబ్బనం దింపింది, లాగింది, ముడి బిగించింది. ఇంకో ముడి. ఇంకో ముడి. మామూలుగా గంటలో వేసే వరుస పావుగంటలో అయిపోయింది. అప్పుడు తెలిసింది, చెవులు కాలిపోతున్నాయని. గొంతు పూడుకుపోయి ఉమ్మి కూడా దిగడం లేదు.

ఎవరి మీద? లోపల నిమ్మకాయలు లెక్కపెట్టుకుంటూ కూనిరాగం తీస్తున్న ఈ మనిషి మీద. దేని గురించి? ఈ ఎండ పడే చాప గురించి.

రెండూ దొరికాయి. దొరకగానే వాటి వెనకే పాతవన్నీ బయటికొచ్చాయి. పెళ్లైన రెండో ఏడు, పుట్టింటివాళ్లిచ్చిన కుట్టుమిషన్ని పది రోజుల కోసమని సుభాని తన పినతల్లి కొడుకుకి ఇచ్చేశాడు. ఆ పది రోజులు ఇంకా పూర్తి కాలేదు. నాలుగేళ్ల కింద కావలిలో చెల్లెలు పురుడు పోసుకుంది. వెళ్తానంటే, "పరుపు రేపటికిస్తానని మాటిచ్చినానే" అన్నాడు. "అట్నే" అని కూర్చొని కుట్టింది. చెల్లెలి బిడ్డని నాలుగు నెలలకి గానీ చూడలేదు. అప్పుడు కుట్టిన పరుపు ఈ మాలకొండమ్మ పెద్దకూతురిదే. అన్నిసార్లూ ఇవే చెవులు, ఇదే గొంతు. కోపం రాకపోవడం కాదు, వచ్చిందని ఆమే ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే దబ్బనం గోడకి పోతుంది. అందుకని వచ్చిన కోపమంతా దారంతో పాటు దూదిలోకే పోయింది.

రషీదాకి ముందు భయం వేసింది. తర్వాత, ఇంట్లో ఎప్పుడో పారేసుకున్న వస్తువు దొరికినట్టు కాస్త సంతోషం కూడా వేసింది.

సోమవారం మూడింటికి వసారాలో లేచి నిలబడి, రాత్రంతా కూర్చుకున్న మాటలు ఒక్కొక్కటే వదిలింది. "ఐ యామ్ ఫ్యూరియస్ విత్ మై హస్బెండ్ అబౌట్ మై వరండా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎలిశబెతు టీచర్ ఆ వాక్యాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో బోర్డు మీద రాసి, కాసేపు చూసి, "ఒక్క తప్పు కూడా లేదు" అంది. రషీదాకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "బయట చెప్పబాకండి, మీకు పుణ్యముంటాది" అని అందర్నీ బతిమాలుకుంది. ప్రభువు తోడు, చెప్పనంది పుష్పకుమారి. ఆ ఒట్టు నాలుగింటికి మొదలై నాలుగున్నరకి అయిపోయింది. చీకటి పడేలోపల రషీదాకి కోపం వచ్చిన సంగతి సముద్రం దాకా పోయింది.

మంగళవారం పొద్దున మాలకొండమ్మ ఆటో దిగింది. దిగడం దిగడం పంచలోకొచ్చి పరుపు అంచు పట్టుకుంది.

"ఏమ్మా రషీదా, మీ ఆయన మీద మండిపడతా ఉండావంట గదా! అదీ ఇంగ్లీషులో! నిజమేనా? మా పిల్ల పరుపు యాడిదాకా వచ్చినాది?"

ఆ మాటలకి సుభాని లోపల్నించి నవ్వుకుంటూ వచ్చాడు. "మా రషీదాకి కోపమా! మాలకొండమ్మా, సూరీడు పడమట పొడిచినాడంటే నమ్ముతా గానీ ఇది నమ్మను. ఎవురో గిట్టనోళ్లు చెప్పుంటారు. నువ్వే చెప్పు రషీదా."

ఇద్దరూ ఆమె వైపు చూశారు. లేదు అని ఒక్క మాట అంటే చాలు. పరుపు పెళ్లింటికి పోతుంది, చేతి పేరు చేతికుంటుంది, ఇంట్లో నవ్వులు ఇంట్లో ఉంటాయి. ఎల్లుండి మాత్రం చాప వెనక గదిలోకి పోతుంది. నిజం చెబితే ఈ పరుపుతో పాటు ఇకముందు వచ్చే పరుపులన్నీ పోవచ్చు. అప్పుడిక పంచ ఉన్నా దేనికి? ఎదురుగా గోడ మీద అత్త గుచ్చిన చిల్లులు కనబడుతున్నాయి. ఆవిడకి కోపం వచ్చిందని ఊరందరికీ తెలిసేది, అయినా ఆవిడ హాయిగానే బతికింది.

"నిజమే" అంది రషీదా. "ఊరికే కోపం కాదు. దాని పైమెట్టు, ఫ్యూరియస్."

సుభాని నవ్వు సగంలో ఆగిపోయింది.

"అయ్యయ్యో! ఎప్పట్నించి? ఈ పరుపులోకి వచ్చేసినాదా?" అంది మాలకొండమ్మ, చెయ్యి వెనక్కి లాక్కుంటూ.

"వచ్చేసినాది. ఈ రెండు వరుసలు దాంతోనే కుట్టినా."

"ఇంకేముంది, కొంప మునిగింది!" మాలకొండమ్మ అరుగు మీద కూలబడింది. "ఎల్లుండి పోయి ఆవులెల్లుండి పెళ్లి. ఇప్పటికిప్పుడు కోపం లేని ఆడదాన్ని నేను యాడ తెచ్చేది?"

"అక్కా, మీ పెద్దమ్మాయి ఎట్టుంది?"

"దానికేమి, మారాణి."

"ఇద్దురూ నిద్ర బాగా పోతా ఉండారా?"

"నిద్రా! మొన్న నేను పోతే ఎనిమిదైనా తలుపు తియ్యలా. గుంట కాడ రొయ్యలు మేతకి ఎదురుచూస్తా ఉంటే మా అల్లుడు ఆ పరుపు దిగడు. ఇద్దురూ ఒకరినొకరు ఇడిచి ఉండలేరు, ఆ సంగతి నీకు చెప్పేదేముంది?"

"ఆ పరుపు కుట్టిన రోజు నాకు ఇంతకంటే ఎక్కువ కోపం" అంది రషీదా. "కావలిలో మా చెల్లెలు బిడ్డని కనింది. పోతానంటే, మీకు మాటిచ్చినానని ఈయన పోనివ్వలా. ఒక్కో ముడికీ ఈయన్ని తిట్టుకుంటానే కుట్టినా."

మాలకొండమ్మ సుభాని వైపు తిరిగింది.

"నేను పోవద్దనలా" అన్నాడు సుభాని చిన్న గొంతుతో.

"వద్దనలేదు. రేపటికిస్తానని మాటిచ్చినానే అన్నారు. నేను అట్నే అన్నా."

సుభానికి గుర్తొచ్చింది. మొహంలో రంగు మారింది. "ఇంకా ఏమన్నా ఉండాయా?" అన్నాడు భయపడుతూ.

"కుట్టుమిషన్ ఇచ్చేసినప్పుడు బ్యాంకు వాచ్‌మెన్ కూతురి పరుపు. నా గొడుగు ఎవురికో ఇచ్చి నన్ను వానలో నడిపించినప్పుడు, మన పుష్పకుమారి చెల్లెలి పరుపు. అన్నీ చెప్పాలంటే పొద్దుగూకుతాది. నేను కుట్టిన పెళ్లి పరుపుల్లో సగానికి సగం అట్టాంటివే. ఏ జంటకన్నా నిద్ర చెడిపోయినట్టు ఇన్నారా?"

ఇద్దరూ ఆలోచించారు. వినలేదు.

"ఒక్కసారన్నా నాతో చెప్పకూడదా?" అన్నాడు సుభాని. మాటలో నిష్ఠూరం లేదు, బాధ ఉంది.

"చెప్తే ఎవురు కుట్టనిస్తారు? అత్తకి మల్లే దబ్బనం గోడకి గుచ్చుకొని కూర్చోవాల. నాకు కుట్టడం ఇష్టం. ఇక్కడ, ఈ ఎండలో, రోడ్డు చూసుకుంటా కుట్టడం ఇష్టం. కోపమైతే అవతలికి తోసేసినా గానీ ఈ పంచ ఒదులుకోలేను. ఎనక గదిలో నేను కూర్చోను. మీరు మాటిచ్చింది నా చోటు. నన్ను అడగలా."

అంత పొడుగు మాట రషీదా ఎప్పుడూ మాట్లాడి ఎరగదు. అది కూడా అరవకుండా, ఒకటి తర్వాత ఒకటి, ఎవరి మీదో దేని గురించో తెలిసేట్టు చెప్పింది. దబ్బనం చాప మీద పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

సుభాని, తన తల్లి చిల్లులు పొడిచిన గోడ వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి, ముఖేష్ నంబర్ నొక్కాడు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఎవరికీ లేదని చెప్పని మనిషి. ఫోన్ మోగుతుంటే నుదుటి మీద చెమట పట్టింది.

"ఏంది సుభానీ, గురువారం బండి పంపిస్తా ఉండా" అన్నాడు అవతల్నించి ముఖేష్. ఫోన్ స్పీకర్‌లో ఉంది. కంగారులో సుభాని వేలు ఎక్కడో తగిలింది.

"అది కాదన్నా... మా ఇంట్లో ఆమె..." అన్నాడు సుభాని. "ఫ్యూరియస్‌గా ఉంది."

"అంటే ఏందబ్బా?"

సుభాని రషీదా వైపు చూశాడు, ఆదుకుంటుందేమోనని. రషీదా ఆదుకోలేదు.

"అంటే" అన్నాడు సుభాని, కళ్లు గట్టిగా మూసుకొని, "పంచ ఇవ్వను, అన్నా."

"ఓస్, అంతేనా? సరేలే, బస్టాండు కాడ ఇంకోటి చూసుకుంటా. నిమ్మకాయలు బాగుండాయా?" అని ముఖేష్ పెట్టేశాడు.

సుభాని ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు. లేదని చెప్పడం ఇంత తేలికైన పని అని నలభై ఎనిమిదేళ్లలో అతనికి ఎవరూ చెప్పలేదు. "కుట్టుమిషన్ కూడా అడిగొస్తా. ఈపొద్దే పోతా" అని, ఆ ఊపులోనే, "ముందు అందరికీ నిమ్మకాయ నీళ్లు కలుపుతా" అంటూ లోపలికి వెళ్లాడు. గ్లాసులు ఎక్కడున్నాయో తెలియక అక్కడ ఒకటే చప్పుడు. రషీదాకి నవ్వొచ్చింది. ఆపుకుంది.

మాలకొండమ్మ లేచింది. పరుపుని మోచేత్తో నొక్కి చూసింది. కుట్టిన వరుసల మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత ఎవరేమనుకుంటారో అని చూడకుండా, చెప్పులు విడిచి దాని మీద పడుకుంది. ఒక పక్కకి తిరిగింది, ఇంకో పక్కకి తిరిగింది. కళ్లు మూసుకొని అట్లాగే ఉండిపోయింది. నిద్రపోయిందేమో అని రషీదా అనుకుంటుండగా లేచి కూర్చొని చీర సర్దుకుంది.

"పెద్దదాని పరుపు మాదిరే ఉంది" అంది. ఆ తర్వాత ముందుకు వంగి, లోపలున్న సుభానికి వినబడకుండా గొంతు తగ్గించింది. "ఇంకా ఎన్ని వరుసలుండాయి?"

"రెండు."

"అయితే ఇప్పుడే వేసేయ్ తల్లీ. ఆ కోపం చల్లారకముందే."

రషీదా దబ్బనం తీసుకొని దారం ఎక్కించింది. ఎండ చాప మీదికి నిండుగా వచ్చింది. మలుపులో గూడూరు బస్సు హారన్ కొట్టింది. లోపల ఏదో గ్లాసు పగిలింది, "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటున్నాడు సుభాని. రషీదా తనలో తాను వెతుక్కుంది. ఎక్కడా కోపం చుక్క కూడా లేదు.

ఆ సంగతి మాలకొండమ్మకి చెప్పలేదు. కనుబొమలు కాస్త ముడిచి, పెదవి బిగించి, మొదటి ముడి వేసింది. పెళ్లివారు అడిగినట్టు కుట్టివ్వాలి కదా.